మళ్ళీ మళ్ళీ వచ్చే తెల్లబట్ట: దుకాణం గోళీలు కాదు, పరీక్ష కావాలి

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి. మగవాళ్ళు "ఇది మనది కాదు" అని పైకి జరిపేయకండి, సగం మీ గురించే ఉంది.

పోయిన నెల మేము పెద్ద గ్రూపులో నాలుగు లైన్లు రాశాం. వచ్చే ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగర్, కళ్ళ పరీక్షలతో పాటు తెల్లబట్ట సమస్యకి కూడా ఒక గది పెడదాం, ఒక లేడీ డాక్టరును పిలుద్దాం అని. పది నిమిషాలు కాలేదు, సంఘం పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "అమ్మా, గ్రూపులో మామలూ కోడళ్ళూ అందరూ ఉన్నారు, ఆ మెసేజ్ తీసేయండి" అన్నారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది, తీసేశాం. కానీ ఆ సాయంత్రానికి మా ఏడుగురి ఫోన్లకి విడివిడిగా ఇరవై పైన మెసేజ్‌లు వచ్చాయి. దాదాపు అందరిదీ ఒకటే మాట: "అక్కా, ఆ గది పెడుతున్నారా లేదా?"

అందుకే మళ్ళీ రాస్తున్నాం. ఈసారి తీసెయ్యం.

షోలాపూర్‌లో మన ఆడవాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. సాకర్ పేట నుంచి విడి ఘర్‌కుల్ దాకా ఏ గడప ముందు చూసినా ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు. పొద్దున లేచి వంట, తర్వాత బీడీలు, బ్రాంచికి పోయి లెక్క అప్పజెప్పి రావడం, మళ్ళీ వంట. ఇంట్లో మగ్గం చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అది వేరే. ఈ మధ్యలో ఒంట్లో ఏదైనా తేడా వస్తే ముందు "వేడి చేసింది" అనుకుంటాం. సబ్జా గింజలు, బియ్యం కడిగిన నీళ్ళు, మెంతులు. అప్పటికీ తగ్గకపోతే మెడికల్ దుకాణం. అక్కడ కూర్చున్నది పక్కింటి అబ్బాయి. వాడికి ఏమని చెప్తాం? మరాఠీలో "పాంఢరే జాతంయ్" అని గొంతు తగ్గించి అంటాం. వాడూ తల ఎత్తకుండా రెండు గోళీలు కత్తిరించి ఇస్తాడు. విరేచనాలకి ఇచ్చే గోళీ, లేదంటే రెండు మూడు మందులు కలిపేసిన కాప్సూల్. రెండు రోజులు తగ్గినట్టు ఉంటుంది. పై నెల మళ్ళీ వస్తుంది.

మాలో ఒకావిడ ఇలా రెండేళ్ళు తిప్పుకుంది. పేరు చెప్పం, ఆవిడ అనుమతితోనే రాస్తున్నాం. నెలసరి అయిపోయిన నాలుగో రోజుకి వాసన మొదలయ్యేది. చేప కడిగిన నీళ్ళ వాసన. మార్కండేయ రథోత్సవానికి అందరూ కొత్త చీరలు కట్టుకుని బయల్దేరితే ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. గుంపులో నిలబడాలంటే భయం. రోజుకి మూడుసార్లు పటిక నీళ్ళతో లోపల కడుక్కునేది. ఎంత కడిగితే అంత ఎక్కువైంది. రెండేళ్ళలో దుకాణానికి పెట్టిన డబ్బు పక్కన పెట్టండి, ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాట తగ్గిపోయింది. ఆయనకి అనుమానం, ఆవిడకి అవమానం.

చివరికి డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పిన పేరు బ్యాక్టీరియల్ వజైనోసిస్. పొట్టిగా బీవీ అంటారు. ఆ తర్వాత మేము ఆ డాక్టరమ్మనే కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలు అడిగాం, ఆవిడ చూపించిన పత్రాలు చదివించుకున్నాం. మాకు అర్థమైనంత వరకు రాస్తున్నాం.

యోనిలో మంచి క్రిములు ఉంటాయి. లాక్టోబాసిల్లస్ అనే జాతి. పెరుగు తోడులో ఉండే క్రిములకి చుట్టాలు, కానీ అవే కావు. కాబట్టి ఎవరో చెప్పారని పెరుగు లోపల పెట్టుకోకండి. ఇవి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు ఉన్నంత కాలం వేరే క్రిములు పెరగవు. ఏ కారణం చేతనో ఇవి తగ్గిపోతే గార్డ్‌నెరెల్లా లాంటివి గుంపులు గుంపులుగా పెరుగుతాయి. పులుపు పోతుంది, వాసన వస్తుంది, పల్చగా బూడిద కలిసిన తెలుపు రంగులో కారుతుంది. బీవీ అంటే ఇదే. బయటి నుంచి ఒక క్రిమి వచ్చి దాడి చేసిందని కాదు, లోపలి తూకం తప్పిందని. సబ్బు, పటిక, యాంటిసెప్టిక్ నీళ్ళు లోపలికి పోనిస్తే మిగిలిన మంచి క్రిములు కూడా పోతాయి. ఆవిడకి కడిగిన కొద్దీ ఎక్కువైంది అందుకే. బయట మామూలు నీళ్ళు చాలు. లోపల ఏమీ వద్దు, ఖరీదైన సీసాల్లో అమ్మే ఇంటిమేట్ వాష్‌లూ వద్దు.

మరి మందు వేసినా ఎందుకు తిరిగి వస్తుంది? ఇది మాకు బాగా అర్థమైన భాగం, ఎందుకంటే నాలుగైదు రోజులకోసారి నీళ్ళొచ్చే ఊరు మనది. ప్రతి ఇంట్లో ట్యాంకు, డ్రమ్ములు. ట్యాంకులో నీళ్ళు ఒంపేసి కొత్త నీళ్ళు పట్టినా గోడకి పట్టిన జిగట పాచి పోదు కదా, వారం తిరిగేసరికి మళ్ళీ అదే వాసన. బీవీ క్రిములు కూడా యోని గోడ మీద అలాంటి జిగట పొర కట్టుకుంటాయి. బయోఫిల్మ్ అంటారు. మందు పైపైన ఉన్నవాటిని చంపుతుంది, పొర కింద దాక్కున్నవి మిగులుతాయి. రెండు గోళీలతో ఆపేస్తే చెప్పనే అక్కర్లేదు. పూర్తి కోర్సు వాడిన వాళ్ళలో కూడా సగానికి పైగా ఆడవాళ్ళకి ఏడాదిలోపు తిరగబెడుతుందని ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలో తేలింది. అంటే తిరగబెడితే మీ శుభ్రత తప్పు కాదు. ఈ ఒక్క మాట చెప్పగానే ఆ గదిలో ఉన్న ఇద్దరు ఏడ్చేశారు.

ఇక పరీక్ష. ఇది ఏదో పెద్ద స్కానింగ్ అనుకుని భయపడేవాళ్ళు ఉన్నారు. కాదు. 1983లో ఆమ్సెల్ అనే ఆయనా ఆయన తోటి డాక్టర్లూ చెప్పిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నాలుగు గుర్తులు చూస్తారు. పల్చటి స్రావం, రంగు మారే కాగితం మీద పీహెచ్ 4.5 కన్నా ఎక్కువ రావడం, ఒక చుక్క క్షారం కలిపితే చేప వాసన రావడం, మైక్రోస్కోపులో కణాల అంచుల నిండా క్రిములు అతుక్కుని కనిపించడం. నాలుగింటిలో మూడు ఉంటే బీవీ అన్నట్టే. కాగితం ముక్క, ఒక చుక్క మందు, మైక్రోస్కోపు. వేల రూపాయల ప్యాకేజీ ఏమీ అవసరం లేదు.

పరీక్ష మీద మేము ఇంత పట్టు ఎందుకు పడుతున్నామంటే, తెల్లబట్ట అన్నదంతా ఒకటి కాదు. నెల మధ్యలో వాసన లేకుండా వచ్చేది అసలు జబ్బే కాదు, ఎముకలు కరిగి పోతున్నాయని కొందరు పెద్దవాళ్ళు చెప్పేది నిజం కాదు. దురదతో, విరిగిన పాలలా గడ్డలుగా వస్తే అది ఫంగస్, దాని మందు వేరు. షుగర్ అదుపులో లేని వాళ్ళకి అది ఎక్కువ. పసుపు పచ్చగా నురగతో వస్తే ట్రైకోమోనాస్ కావచ్చు, అందులో భర్తకి కూడా తప్పనిసరిగా మందు ఇవ్వాలి. బీవీకి ఫంగస్ మందు వేస్తే తగ్గదు, ఫంగస్‌కి బీవీ మందు వేస్తే ఇంకా పెరగొచ్చు. దుకాణంలో అన్నీ కలిపిన కాప్సూల్ ఇవ్వడం అంటే చీకట్లో రాయి విసరడమే.

ఇంకొకటి ఉంది, దాని గురించి రాయడానికి మాకు చెయ్యి రావడం లేదు, కానీ రాయాలి. మన పేటలోనే నెలసరి ఆగిపోయిన ఒక పెద్దమ్మ దుర్వాసన, మధ్యమధ్య ఎర్రచారికలు ఉంటే ఏడాది పాటు ఇవే గోళీలు మింగింది. ఎవరికీ చూపించుకోలేదు. తీరా చూపించుకునేసరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ముదిరిపోయింది. ఆవిడ ఇప్పుడు లేదు. రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, నెలసరి ఆగాక ఏ స్రావం మొదలైనా గోళీలు కాదు, లోపల పరీక్ష చేయించుకోవాలి. ముప్పై దాటిన వాళ్ళకి ప్రభుత్వ కేంద్రాల్లో ఆ ముఖద్వారం మీద వెనిగర్ లాంటి ద్రవం రాసి చూసే పరీక్ష ఉంది. నిమిషాల పని.

మందుల సంగతి. బీవీ అని తేలితే డాక్టర్లు మామూలుగా రాసేది మెట్రోనిడజోల్, 500 మిల్లీగ్రాములది రోజుకి రెండుసార్లు, 7 రోజులు. లేదా అదే మందు జెల్ రూపంలో రాత్రిపూట 5 రోజులు. లేదా క్లిండమైసిన్ క్రీము 7 రాత్రులు. నోట్లో ఇనుము రుచి వస్తుంది, కడుపులో తిప్పుతుంది, మూడో రోజుకి వాసన పోతుంది. అక్కడే మనం ఆపేస్తాం. ఆపొద్దు. ఏడు అంటే ఏడు.

ఏడాదిలో మూడు నాలుగుసార్లు వచ్చేవాళ్ళకి దారి వేరు. ముందు పూర్తి కోర్సుతో తగ్గించి, ఆ తర్వాత మెట్రోనిడజోల్ జెల్‌ను వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు నుంచి ఆరు నెలలు వాడమంటారు. వాడినంత కాలం చాలామందికి అదుపులో ఉంటుంది, ఆపాక కొందరికి తిరిగి వస్తుంది. అబద్ధం చెప్పడం ఎందుకు. కొందరికి పొర కరగడానికి బోరిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాముల కాప్సూల్ యోనిలో పెట్టుకోమని రాస్తారు. ఇది డాక్టరు చేతి మీదుగానే జరగాలి. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు కొని ఎవరూ ప్రయోగాలు చేయొద్దు (నవ్వకండి, ఒకరు అడిగారు). నోట్లో వేసుకుంటే విషం, పిల్లలకి అందకుండా పెట్టాలి, కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు. మంచి క్రిములని మందుగా తయారుచేసి లోపల పెట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2020లో అమెరికాలో ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. మెట్రోనిడజోల్ తర్వాత ఆ మంచి క్రిములు పెట్టిన వాళ్ళలో 12 వారాలకి 30 శాతం మందికి తిరగబెడితే, ఉత్త పొడి పెట్టిన వాళ్ళలో 45 శాతం మందికి తిరగబెట్టింది. మంచి కబురే. అయితే మన దుకాణాల్లో ప్రోబయోటిక్ అని రాసి అమ్మే ప్రతి డబ్బా అదే అనుకోకండి.

కడుపుతో ఉన్నవాళ్ళకి ఒక మాట. బీవీ ఉన్నవాళ్ళలో నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం ఎక్కువ. వాసన, స్రావం ఉంటే సిగ్గుపడకుండా చెకప్‌లో చెప్పండి. ఆ సమయంలో వాడదగ్గ మందులు ఉన్నాయి. కాపర్-టీ వేయించుకున్న వాళ్ళు, నెలసరి ఎక్కువ రోజులు పోయేవాళ్ళు ఆ విషయం కూడా డాక్టరుకి చెప్పాలి. తిరగబెట్టడానికి అదొక కారణం కావచ్చు. అంతేగాని మా పోస్టు చూసి ఎవరూ కాపర్-టీ తీయించుకోవద్దు.

ఇప్పుడు మగవాళ్ళ దగ్గరికి వద్దాం.

ఇన్నేళ్ళూ డాక్టర్లు "భర్తకి మందు అవసరం లేదు" అనేవాళ్ళు. వాళ్ళ తప్పు కాదు. ఇదివరకు మగవాళ్ళకి గోళీలు మాత్రమే ఇచ్చి చూసిన ట్రయల్స్‌లో భార్యలకి పెద్ద లాభం కనపడలేదు. 2025 మార్చిలో ఆస్ట్రేలియా డాక్టర్ల ట్రయల్ ఒకటి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఒకరికొకరే అని ఉన్న 164 జంటలని తీసుకున్నారు. సగం జంటల్లో భార్యకి మాత్రమే మందు. మిగతా సగంలో మగవాళ్ళకి కూడా 7 రోజులు మెట్రోనిడజోల్ గోళీలు, దాంతో పాటు అంగం చర్మం మీద రోజుకి రెండుసార్లు క్లిండమైసిన్ క్రీము. 12 వారాల తర్వాత చూస్తే, ఆడవాళ్ళకే మందు ఇచ్చిన జంటల్లో 63 శాతం మందికి తిరగబెట్టింది. ఇద్దరికీ ఇచ్చిన జంటల్లో 35 శాతం మందికే. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్‌ని ముందే ఆపేశారు, ఒక వైపు వాళ్ళకి అన్యాయం జరుగుతోందని.

అంటే ఆ క్రిములు మగవాళ్ళ చర్మం మీదా, మూత్రనాళంలోనూ ఉండి తిరిగి వస్తున్నాయన్నమాట. మగవాళ్ళకి ఏ నొప్పీ, ఏ వాసనా ఉండదు కాబట్టి వాళ్ళకి తెలియదు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ ట్రయల్‌లో ఉన్నవాళ్ళంతా ఒకే తోడుతో ఉన్న జంటలు. కాబట్టి ఇంట్లో బీవీ వచ్చిందంటే ఎవరో ఎక్కడికో వెళ్ళారని అర్థం కాదు. ఆవిడని అనుమానించడానికీ, ఆయన్ని నిలదీయడానికీ ఇది సాక్ష్యం కాదు. పైన చెప్పిన ఆవిడ ఇంట్లో రెండేళ్ళు నలిగింది దీని గురించే.

ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఎంత కష్టపడ్డామో రాస్తే ఇంకో పోస్టు అవుతుంది. "నాకేం జబ్బు? నేనెందుకు పూసుకోవాలి?" అని కూర్చున్నాడు. చివరికి మాలో ఒకరి భర్త, ఇద్దరూ ఒకే కార్ఖానాలో పనిచేస్తారు, చాయ్ తాగుతూ చెప్తే విన్నాడు. ఏడు రోజులు, ఒక గోళీల పట్టీ, ఒక క్రీము ట్యూబు. ఆ ఏడు రోజులూ ఇద్దరూ దూరంగా ఉన్నారు. ఇది జరిగి ఎనిమిది నెలలు. ఇంతవరకు తిరిగి రాలేదు. ఒక్క ఇంటి కథతో శాస్త్రం రుజువు కాదని మాకూ తెలుసు. కానీ ఆవిడ ఈసారి రథోత్సవానికి మా ముందు నడిచింది.

కొందరు డాక్టర్లు ఇంకా పాత పద్ధతిలోనే ఉండొచ్చు. పోట్లాడకండి. "2025లో వచ్చిన ట్రయల్ గురించి విన్నాం, మా ఆయనకి కూడా ఇవ్వొచ్చా?" అని అడగండి. అడిగితే చాలామంది చూస్తారు.

డబ్బు లేదని ఆగొద్దు. జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్ అని ఉంటుంది. అక్కడ చూపించుకోవడం, మందులు ఉచితం. తెల్లబట్టకి ఇచ్చేది ఆకుపచ్చ రంగు కిట్, అందులో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ ఉంటాయి. అది మొదటిసారి వచ్చినవాళ్ళకి సరిపోవచ్చు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు కిట్ తీసుకుని వచ్చేయకుండా "నాకు ఇది ఇన్నోసారి, స్మియర్ పరీక్ష చేయండి" అని అడగాలి. ఈ వాక్యం మరాఠీలో ఎలా చెప్పాలో చీటీ మీద రాసి ఇవ్వమంటే మేము రాసి ఇస్తాం. మన పెద్దవాళ్ళలో చాలామందికి బజారు మరాఠీ వచ్చు గాని, డాక్టరు ముందు ఒంటి సంగతి చెప్పే మరాఠీ రాదు. మనం ఇక్కడికి వచ్చి మూడు నాలుగు తరాలైంది, అయినా ఆ మాటలు మాత్రం తెలుగులోనే నోటికొస్తాయి. అందుకే తోడు ఒకరు వెళ్ళడం మంచిది.

సంఘం మీద మా ఫిర్యాదు ఒకటే. ప్రతి ఏడాది శిబిరానికి ఖర్చు పెడుతున్నాం, పందిరి వేస్తున్నాం, అతిథులకి శాలువాలు కప్పుతున్నాం. ఆ శాలువాల ఖర్చులో సగంతో పీహెచ్ కాగితాల డబ్బాలూ, ఒక ల్యాబ్ అబ్బాయి రోజు కూలీ వస్తాయి. కోడళ్ళూ మామలూ గ్రూపులో ఉన్నారన్నది నిజమే. ఆ మామగారి ఇంట్లోనే ఆ కోడలు గోళీలు దాచుకుని మింగుతోంది. చెప్పుకోవడానికి చోటు లేకనే ఆ పెద్దమ్మ ఏడాది ఆగిపోయింది. మర్యాద కోసం మనం చెల్లించిన ధర అది. మేము ఇక చెల్లించలేం.

పెద్దాయనతో నిన్న మళ్ళీ మాట్లాడాం. ఈ పోస్టు పెట్టే ముందు ఆయనకి చదివి వినిపించాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆడవాళ్ళ గదికి మగ వాలంటీర్లు ఎవరూ పోకుండా నేను చూసుకుంటా, మెట్ల దగ్గర నేనే కూర్చుంటా" అన్నారు. మాకు అంతకన్నా ఏం కావాలి.

శిబిరం నాడు పై అంతస్తులో వెనక గది మాది. డాక్టరమ్మ వస్తానన్నారు. పేర్లు రాయించుకోవడం ఉండదు, టోకెన్ నంబరు మాత్రమే. నెలసరి రోజుల్లో ఉన్నవాళ్ళు తర్వాతి వారం వస్తే మేలు, పరీక్ష సరిగ్గా తేలదు. ముందు రోజు లోపల ఏదీ పెట్టుకోకండి, కడగకండి. భర్తలతో మాట్లాడటానికి కింద ఇంకో డాక్టరు గారు ఉంటారు, ఆయన్ని షుగర్ బల్ల పక్కనే కూర్చోబెడతాం, ఎవరికీ అనుమానం రాదు.

మంచం దొరికింది, లైటు దొరికింది. తలుపుకి గడియ సరిగ్గా పడదు, కిటికీకి అద్దం పగిలింది. మందపాటి పర్దా రెండు కావాలి. ఊరంతా మగ్గాలే కదా, ఎవరి కార్ఖానాలో అయినా మచ్చ పడి పక్కన పెట్టిన చాదర్లు ఉంటే శనివారం లోపు సంఘం ఆఫీసులో ఇవ్వండి. రంగు ఏదైనా పర్లేదు, వెలుతురు అవతలికి కనపడకపోతే చాలు.